ఆదివారం ఏడు గౌన్లు

ఆరేళ్ల నుంచి ఒక సంగతి మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. తిరుపతికి నడిచి కొండెక్కినప్పుడు దేవుడికి కూడా చెప్పలేదు; ఆయనకు తెలిసే ఉంటుందిలే అని తప్పించుకున్నాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోందేమో. ఇది కూడా పిరికితనమే అని మీకనిపిస్తే నేను కాదనను.

మాది లింగాల దగ్గర ఒక పల్లె. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలున్న ఇల్లు. ఊళ్లో ఏదైనా తగువు వస్తే మా నాన్న అరుగు మీదికి రావలసిందే. నేను ప్రొద్దుటూరులో డ్రిప్పు పైపులు, మోటార్లు అమ్మే అంగడి పెట్టుకున్నాను. ఒక్కతే కూతురు. దానికి నాలుగేళ్లు నిండుతుండగా ఆటిజం అని చెప్పారు. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మా నాన్నకైతే ఇప్పటికీ ఆ మాట నోరు తిరగదు. "పాపకు మాటలు ఆలస్యం" అని ఊళ్లో చెప్పుకుంటాడు. దానికిప్పుడు పద్నాలుగేళ్లు.

పాపకు ఎనిమిదేళ్లప్పుడు, మేము తీసుకుపోయే థెరపీ సెంటర్‌లో ఒక కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంటిల్లిపాదీ బిడ్డతో కలిసి ఒళ్లు కదిలించే పని. నడవడం, ఉరకడం, బంతి పట్టడం, కప్పగంతులు. అక్కడి మేడం చిన్న వయసు అమ్మాయి, ఓపిక చాలా ఎక్కువ. ఈ పిల్లలకు తమ కాలు ఎక్కడుందో, చేయి ఎక్కడుందో ఒళ్లు సరిగ్గా చెప్పదని, ఎగిరితే దూకితే కొంచెం కొంచెంగా తెలిసొస్తుందని, నిద్ర బాగా పడుతుందని, గుబులు తగ్గుతుందని విడమరిచి చెప్పింది. సెంటర్‌లో అరగంట చేస్తే చాలదు, ఇంట్లో రోజూ జరగాలి అంది. ఇంకో మాట కూడా అంది. "చేయించడం కాదు సార్. మీరు కలిసి చేయాలి. పాప మిమ్మల్ని చూసి చేస్తుంది."

పొద్దున వంతు నా భార్యది, మెట్లెక్కడం, బంతి. సాయంత్రం వంతు నాది, నలభై నిమిషాలు గ్రౌండులో. ఎవరి వంతు వీడియో వాళ్లు, ఎవరి ఫోన్ నుంచి వాళ్లు మేడంకు పంపాలి. అంతే. ఎంత సులభమైన పని చూడండి.

ఇక్కడ మా ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సాకు కోసం కాదు. లేదు, సాకు కోసమేనేమో. మా ఇళ్లలో మగవాడు పెద్దల ముందు సొంత బిడ్డను ఎత్తుకోడు. అన్న కొడుకును ఎత్తుకోవచ్చు, చెల్లెలి కూతుర్ని భుజాన వేసుకొని ఊరంతా తిరగవచ్చు, సొంత బిడ్డను మాత్రం తాకకూడదు. పెద్దల ముందు అది మర్యాద కాదు. మా నాన్న నన్ను ఎత్తుకున్నట్టు నాకు జ్ఞాపకమే లేదు. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ తెచ్చి నా చేతికివ్వబోతే, పక్కన నాన్న ఉన్నాడని చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మా అమ్మ అందుకుంది. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు, సరిగ్గా నడుచుకున్నానని అనిపించింది.

అటువంటివాణ్ణి, నలుగురూ తిరిగే గ్రౌండులో మోకాళ్లు వంచి కప్పలా ఎగరాలి. ఎగిరాను. నాలుగు రోజులు నిజంగానే ఎగిరాను. ఐదో రోజు సాయంత్రం పాప మొదటిసారి రెండు కాళ్లూ ఒకేసారి నేల మీంచి లేపింది. లేపి, నా మొహంలోకి చూసింది. అది మనుషుల మొహంలోకి చూసే బిడ్డ కాదు. నేను ఎగిరాను, అది ఎగిరింది. నవ్వింది కూడా. సరిగ్గా అప్పుడే గోడ పక్క నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమిరా, ఎవరి కొడుకువిరా నువ్వు? ఈడ కప్ప మాదిరి ఎగుర్తాండావేంది?"

మా చిన్నాయన. ఎవరిదో పెళ్లికి బట్టలు తీయడానికి ఊరి నుంచి నలుగురితో కలిసి ప్రొద్దుటూరు వచ్చాడు. చెడ్డ మనసుతో అన్న మాట కాదు, నవ్వుతూనే అన్నాడు. వెంట ఉన్నవాళ్లూ నవ్వారు. నేను లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాను. పాప ఇంకా నా చొక్కా అంచు పట్టుకొని ఎగురుతూనే ఉంది. దాని వేళ్లు విడిపించి బండి మీద కూర్చోబెట్టాను.

మరుసటి రోజు నుంచి గ్రౌండుకు పోలేదు.

భార్యకు చెప్పలేదు. ఆమె సాయంత్రాలు ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పేది. నేను ఐదింటికి పాపను బండి ఎక్కించుకొని బయల్దేరేవాణ్ణి, అంగడి వెనక గోడౌన్‌లో పైపు చుట్టల మధ్య కూర్చోబెట్టి చేతికి ఫోన్ ఇచ్చేవాణ్ణి. అది ఫోన్ పక్కన పడేసి పైపు కన్నంలోకి చూస్తూ కూర్చునేది. గంట తర్వాత ఇంటికి తీసుకుపోయేవాణ్ణి. "బాగా చేసిందా?" అని ఆమె అడిగేది. చేసిందనేవాణ్ణి. పాప మా ఇద్దరి మధ్యే నిలబడి ఉండేది. దానికి మాటలు లేవు. నా బిడ్డ చెప్పలేదు కాబట్టే నేను ఆ పని చేయగలిగాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మరి వీడియోలు? దానికీ దారి కనిపెట్టాను. మోసం చేసేవాడికి తెలివి తక్కువ ఉండదు. జమ్మలమడుగు రోడ్డులో ఒక వెంచర్ ఉండేది, ఇళ్లు లేవు, హద్దురాళ్లు తప్ప మనిషి కనపడడు. ఆదివారం పొద్దున్నే, కాసేపు తిప్పుకొస్తానని భార్యకు చెప్పి, పాపను అక్కడికి తీసుకుపోయేవాణ్ణి. సంచిలో ఏడు గౌన్లు. బజారులో చవకవి కొని గోడౌన్‌లో దాచినవి. నాకూ చొక్కాలు. ఫోన్‌ను బండి సీటుకు ఆనించి, ఒక గౌను వేసి రెండు నిమిషాలు కప్పగంతులు, దాన్ని విప్పి ఇంకొకటి వేసి రెండు నిమిషాలు బంతి, మళ్లీ ఇంకొకటి. కాసేపు ఎండకు ఎదురుగా, కాసేపు వీపు పెట్టి, వేళ తెలియకుండా. అలా వారానికి సరిపడా ఒకే పూటలో తీసి, రోజుకొకటి పంపేవాణ్ణి. సోమవారం ఎర్ర గౌను, మంగళవారం నీలం. ఆ నలభై నిమిషాలు నిజంగా ఎగిరి ఉంటే పడే కష్టం కంటే ఈ అబద్ధానికి పడ్డ కష్టమే ఎక్కువ. అది నాకు అప్పుడే తెలుసు. అయినా ఎందుకు మానలేదు? మనుషుల్లేని చోట ఎగరడానికి నాకు సిగ్గు లేదు. నా సిగ్గంతా మనుషుల దగ్గరే. నా బిడ్డ దగ్గర ఏనాడూ సిగ్గు పడలేదు.

ఒంటి మీద బట్ట మారడం పాపకు సహించదు. మూడో గౌనుకు మూలిగేది, నాలుగో గౌనుకు తన మణికట్టు తనే కొరుక్కునేది. ఏడుపు ఆగేదాకా ఆగి, ఏడుపు లేని ముక్కలే తీసేవాణ్ణి. రానురానూ అలవాటు పడిపోయింది. నేను ఫోన్ ఎత్తితే చాలు, గౌను మార్చడానికి వీలుగా రెండు చేతులూ పైకెత్తి నిలబడేది. ఇప్పటికీ అంతే. ఎవరు ఫోటో తీయబోయినా చేతులు పైకెత్తేస్తుంది. నా భార్య మురిసిపోతుంది, "చూడండి, ఎక్సర్‌సైజు ఎంత బాగా గుర్తుందో" అని అందరికీ చెబుతుంది. నేను అక్కడి నుంచి లేచిపోతాను.

ఎనిమిది నెలలు సాగింది. రెండు నెలలకోసారి సెంటర్‌లో పాపను పరీక్షించేవాళ్లు. ఒంటికాలి మీద నిలబడుతుందా, బంతి పడుతుందా, ఎవరి ఆసరా లేకుండా దూకుతుందా. ఏ మార్పూ లేదు. ఎందుకుంటుంది? రెండోసారి మేడం కాగితాలు తిరగేసి తిరగేసి, "రోజూ ఇంత చేస్తున్నా ఒళ్లు సహకరించట్లేదంటే మనం ఆశ కొంచెం తగ్గించుకోవాలేమో" అంది. పాప చార్టులో దూకడం, ఉరకడం కొట్టేసింది. నేను పంపిన వీడియోలు నమ్మి, నా కళ్ల ముందే కొట్టేసింది. నా భార్య మరుసటి రోజు నుంచి ఐదింటికే లేచి ఇంకో అరగంట ఎక్కువ చేయించడం మొదలుపెట్టింది. లోపం తన వంతులోనే ఉందనుకుంది. ఆమె మోకాళ్ల నొప్పులు అప్పుడు మొదలైనవే. నేను జండూబామ్ రాసేవాణ్ణి.

ఇంతవరకే అయితే ఇది మా ఇంటి పాపం. మా ఇంట్లోనే ఉండేది.

మేడం నెలకోసారి జమ్మలమడుగులో పల్లెల తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టేది. "సార్, మీ వీడియోలు వాళ్లకు చూపించనా? తండ్రులు ఎవరూ ముందుకు రావట్లేదు" అని మెసేజ్ పెట్టింది. వద్దనాలి కదా. నేను బొటనవేలు బొమ్మ పంపాను. ఒప్పుకున్నప్పుడు నాకు భయం వేయలేదు. గర్వం వేసింది. అబద్ధం అన్ని నెలలు చెబితే, చెప్పినవాడికే అది నిజం లాగా అనిపిస్తుందనుకుంటాను.

ఒక మధ్యాహ్నం అంగడికి ఒకాయన వచ్చాడు. జమ్మలమడుగు అవతల ఒక పల్లె. గొర్రెలు మేపుకునే మనిషి. నా ఈడువాడే, ఎండకు మాడి నాకన్నా పదేళ్లు పెద్దగా కనిపించాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. భుజం మీది తుండుగుడ్డ చేతిలోకి తీసుకొని నిలబడ్డాడు.

"అప్పా, మేడం చూపిచ్చిన వీడియోలో ఉండేది నువ్వే గదా?"

"నేనే."

"దినామూ చేపిస్తాండావా?"

"దినామూ."

"పాప ఒక్క దినం గూడా ఏడ్సదా?"

"మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు లేదు."

ఆయన కాసేపు తుండుగుడ్డ మడత పెట్టి విప్పాడు. "మావోడు శానా ఏడుస్తాడప్పా. వానికీ ఎనిమిదేండ్లే. బంతి యాడేసినా సూడడు. గొర్రెల ఎనకమ్మడైతే పొద్దన్నుంచి మాపటిదాకా నడుస్తాడు. వంకలు దుంకుతాడు, గొర్రెపిల్లను సంకనేసుకోని గట్టెక్కుతాడు. ఇంటికొచ్చి నా పక్కన పండుకుంటే మల్ల పొద్దున్నే లేసేది. నీ వీడియో సూసినాక నాకు అనుమానమొచ్చింది. ఇది ఎక్సర్‌సైజు కాదేమో, బిడ్డను పాడు చేస్తాండానేమో అని. మేడంను అడగాలంటే సిగ్గాయె. నువ్వు చదువుకున్నోనివి, ఆడబిడ్డతోనే అంత చేపిస్తాండావు. చెప్పప్పా. గొర్రెలు మాన్పియ్యల్నా?"

నాకు తెలుసు. మీ మీద ఒట్టు, ఆ క్షణాన నాకు తెలుసు. మేడం చెప్పినవన్నీ ఆ మనిషి చేస్తున్నాడు. నడక, దూకడం, బరువు ఎత్తడం, పక్కన తండ్రి. చార్టు లేకుండా, వీడియో లేకుండా, రోజంతా. నేను నలభై నిమిషాలు చేయలేనిదాన్ని ఆయన బతుకంతా చేస్తున్నాడు. నా అబద్ధం ఒప్పుకోనక్కర్లేదు కూడా. "మంచిదేలే, అట్లనే తిప్పుకో" అని ఉంటే సరిపోయేది. మూడు మాటలు. నా మర్యాదకు ఏమీ అయ్యేది కాదు.

కానీ ఆయన నన్ను అడగడానికి బస్సెక్కి వచ్చాడు. గొర్రెల వెనక తిరిగేవాడు నాకన్నా మంచి తండ్రి అని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

"మాన్పించు," అన్నాను. "గొర్రెలెనక తిరిగేది వేరే, ఇది వేరే. బడి గ్రౌండుకు తీస్కపో. ఏడ్చినా వదలద్దు. చెయ్యి గట్టిగా పట్టుకో. నెల దినాల్లో దారికొస్తాడు."

ఆయన మొహం తుడుచుకున్నాడు. "నీ మాదిరే చేపిస్తానప్పా," అని చేతులు జోడించి పోయాడు. ఆ సాయంత్రమంతా నాకు హాయిగా ఉంది. అది కూడా చెప్పాలి కదా. ఒకరికి మేలు చేసినవాడికి ఉండే హాయి లాగానే ఉంది.

తర్వాత రెండు నెలలకు మేడం మాటల్లో మాటగా చెప్పింది. జమ్మలమడుగు వైపు ఒక బాబుకు మోచేయి విరిగిందట. గ్రౌండులో కింద పడి పొర్లుతుంటే వాళ్ల నాన్న చెయ్యి వదలకుండా లాగాడట. "బాబు గొర్రెల వెంట బాగా తిరిగేవాడు సార్. ఎవరో మాన్పించమన్నారంట. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే..." అంది. నేను "అయ్యో" అన్నాను. మేడం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ఫోన్ చూసుకున్నాను.

ఇంకో నెలకు ఆ పిల్లవాణ్ణి చూశాను. అవ్వ చేయి పట్టుకొని సెంటర్ బెంచీ మీద కూర్చున్నాడు. చేయి తిన్నగా రాలేదు, కొంచెం వంకర. తండ్రి లోపల లేడు. రోడ్డు అవతల, ఆటోల వెనక నిలబడి ఉన్నాడు. వాడు తండ్రిని చూస్తే అరుస్తాడట. రాత్రుళ్లు ఆయన పక్కన పడుకొనేవాడు ఇప్పుడు ఆయన గడపలో అడుగు పెడితే మంచం కిందికి దూరతాడట. అవ్వ చెప్పింది. గొర్రెల దగ్గరికి కూడా రావడం లేదట, గొర్రెల దగ్గర తండ్రి ఉంటాడు కదా.

నేను బయటికి వస్తుంటే ఆయన నన్ను చూసి రోడ్డు దాటి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆయన తల దించుకొని ఒక్క మాటే అన్నాడు.

"నీ మాదిరి నాకు చేత గాలేదప్పా."

అప్పుడైనా చెప్పానా? లేదు. భుజం మీద చేయి వేసి ఓదార్చాను. ఈ చేత్తోనే.

ఆ వారమే అంగట్లో పని ఎక్కువైందని చెప్పి సాయంత్రం వంతు మానేశాను. గౌన్లు ఒక అనాథాశ్రమానికి ఇచ్చేశాను. అందరూ నా మనసు మంచిదన్నారు. భార్య ఇప్పటికీ పొద్దున్నే లేస్తుంది. పాపకు ఏం వచ్చినా ఆమె చలవే. నేను తర్వాత మారిపోయి, పాపను గ్రౌండుకు తీసుకుపోయి ఎగిరానని మీరు అనుకుంటున్నారేమో. పోలేదు. ఒకటి రెండు సార్లు గేటు దాకా పోయి వచ్చాను.

మరి ఇన్నాళ్లకు ఇప్పుడెందుకు? పోయిన వారం పులివెందులకు బస్సులో పోతుంటే ఆయన ఎక్కాడు. గొర్రెలు అమ్మేశాడట. చిలమకూరు దగ్గర సిమెంటు బస్తాలెత్తే పనికి పోతున్నాడట. కొడుకు అవ్వ దగ్గరే, వేరే ఇంట్లో. నన్ను గుర్తు పట్టి పక్కన కూర్చున్నాడు. వెంట వచ్చినవాడికి నన్ను చూపించి, "ఈ అప్ప పాపను ఎట్ల సూసుకున్నాడో తెల్సా? తండ్రంటే ఈయప్ప," అన్నాడు. ఎగతాళి కాదు. ఆయనకు ఎగతాళి రాదు. బస్సు ఊరూరా ఆగింది. చెప్పడానికి కావలసినంత సేపు ఆయన నా పక్కనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆయన దిగిపోయాడు.

చెప్పాల్సింది ఇది.

అప్పా, నేను చేపిచ్చలేదు. నాలుగైదు దినాలు చేసి సిగ్గుపడి మానుకున్నా. నువ్వు సూసిన వీడియోలన్నీ ఆదివారం పూట గౌన్లు మార్చి తీసినవి. మా పాప గూడా ఏడ్చింది. నీ కొడుకు గొర్రెల ఎనకమ్మడి నడిచిందే సరైన పని. నువ్వు అడిగిన పొద్దే అది నాకు తెలుసు. తెలిసే నీకు వద్దని చెప్పినా. చెయ్యి గట్టిగా పట్టుకోమన్నది నేనే. నీకు చేత గాక కాదు.

రాసేశాను. చాలా రోజుల తర్వాత ఊపిరి నిండా తీసుకున్నాను. తీసుకునే హక్కు ఉందో లేదో తెలియదు. ఇది అచ్చయినా ఆయన చూడడు. ఆయనకు చదవడం రాదు. ఎవరో ఒకరు ఆ పల్లెకు పోయి, ఎదురుగా కూర్చొని చదివి వినిపించాలి. ఆ ఎవరో ఒకరు నేనే కావాలని నాకు తెలుసు. ఈ రోజు కూడా నేను పోలేదు.